తాగినవాడి వైద్యానికి నా పన్ను డబ్బు ఎందుకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. తాగుడు, సిగరెట్, గుట్కా, తిండి అలవాట్లు, ఒళ్లు కదలకపోవడం వల్ల వచ్చే జబ్బులకు సర్కారు దవాఖానాల్లో ఉచితంగా వైద్యం చేయాలా, డబ్బు వసూలు చేయాలా అని. కొందరు కోపంగా రాశారు, కొందరు భయపడుతూ రాశారు. నేను ఈ హైదరాబాద్ నగరంలోనే ప్రభుత్వ ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను: జబ్బుపడి మంచం మీద ఉన్నవాడి దగ్గర వసూలు చేయకూడదు, ఆ జబ్బుకి కారణమైన సరుకు అమ్మేచోట వసూలు చేయాలి. ఎందుకో ఒక్కో ఉత్తరానికి జవాబిస్తూ చెప్తాను.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. నెలనెలా జీతంలోంచి పన్ను కట్ అవుతుంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ల అన్న ఏళ్ల తరబడి తాగి లివర్ పాడు చేసుకున్నాడు, ఆరోగ్యశ్రీలో పైసా ఖర్చు లేకుండా వైద్యం జరిగింది. నేను మందు ముట్టను, పొద్దున్నే లేచి నడుస్తాను. అయినా మా అమ్మ ఆపరేషన్‌కి నాలుగు లక్షలు నా జేబులోంచి కట్టాను. కావాలని ఆరోగ్యం పాడుచేసుకున్న వాళ్ల దగ్గర కనీసం సగం ఖర్చయినా వసూలు చేస్తే భయం ఉంటుంది కదా సార్? — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: బాబూ, మీ కోపంలో న్యాయం ఉంది, కానీ అది పోవాల్సిన చోటికి పోలేదు. మీ అమ్మగారికి నాలుగు లక్షలు కట్టాల్సి రావడం అన్యాయమే. అయితే ఆ డబ్బు మీ చేత కట్టించింది వాచ్‌మన్ వాళ్ల అన్న కాదు. మన తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, మంచిదే, కానీ రేషన్ కార్డు దగ్గర గీత గీసి, దానికి అవతల ఉన్న మధ్యతరగతిని ప్రైవేటు ఆస్పత్రి బిల్లుకీ ఇన్సూరెన్స్ కంపెనీ దయకీ వదిలేశారు. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021–22లో మన దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. అంతకుముందు ఇంకా ఘోరంగా ఉండేది, 2013–14లో 64 శాతం. ఆ గీత చెరిపేయమని మీరు అడిగితే నేనూ మీ పక్కన నిలబడతాను. పక్కవాడికి కూడా దక్కకుండా చేయమంటే మాత్రం నిలబడలేను.

ఇక పన్ను సంగతి. పన్ను కట్టేది మీరొక్కరే అనుకోకండి. వాచ్‌మన్ కుటుంబం కొనే సబ్బు మీద, సెల్ రీచార్జి మీద, చెప్పుల మీద పన్ను ఉంది. మందు మీద అయితే చెప్పనే అక్కర్లేదు, సీసా ధరలో పెద్ద భాగం ప్రభుత్వానికే పోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మగవాళ్లలో 43 శాతం మంది తాగుతామని చెప్పారు, దేశం మొత్తం మీద ఆ సంఖ్య 19 శాతం. ఇంత తేడా ఎందుకొచ్చిందో ఒకసారి ఆలోచించండి. రాష్ట్రంలో మద్యం హోల్‌సేల్‌గా అమ్మేది ప్రభుత్వ కార్పొరేషనే, ఎక్సైజ్ మీద ఏటా వేల కోట్లు ఖజానాకి వస్తున్నాయి, పల్లెల్లో కిరాణా కొట్టులో కూడా బెల్టు షాపు నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి కూలి డబ్బు చేతికొచ్చే అడ్డాకి నాలుగడుగుల దూరంలో వైన్స్ పెట్టి, ఇరవై ఏళ్లు వాడి దగ్గర పన్ను తీసుకుని, లివర్ పాడయ్యాక 'నీ తప్పే, బిల్లు కట్టు' అనడం రెండుసార్లు వసూలు చేయడమే.

తాగేవాళ్లూ పొగ తాగేవాళ్లూ మన డబ్బు తినేస్తున్నారనే లెక్క కూడా అంత సూటిగా తేలదు. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక లెక్క వేశారు, పొగ తాగేవాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లు, ఈ రెండూ లేని ఆరోగ్యవంతులు జీవితం మొత్తం మీద వైద్యానికి ఎంత ఖర్చు పెట్టిస్తారని. ఎక్కువ ఖర్చయ్యింది ఆరోగ్యవంతుల మీదే, ఎందుకంటే వాళ్లు ఎక్కువకాలం బతికి ముసలితనపు జబ్బులన్నీ చూస్తారు. పొగ తాగేవాళ్లు తొందరగా చనిపోతారు కాబట్టి తక్కువ. ఇది విని పొగ మంచిదని ఎవరూ అనరు కదా. ఎవడు ఎంత భారమో లెక్కగట్టి వైద్యం చేయడం మొదలుపెడితే ఎక్కడ తేలతామో చూపించడానికే చెప్పాను.

ఇప్పుడు మీరు చెప్పిన 'భయం' దగ్గరికొస్తాను, నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అది. క్యాజువాలిటీలో రాత్రి రెండింటికి ఒక మనిషిని ఆటోలోంచి దించుతారు, రక్తం కక్కుకుంటున్నాడు. లివర్ గట్టిపడితే ఆహారనాళంలో నరాలు ఉబ్బి పగులుతాయి, దాని రక్తం. లుంగీ, చొక్కా, భార్య కొంగు అన్నీ తడిసిపోయి ఉంటాయి. ఆ టైంలో చేయాల్సింది రక్తం ఎక్కించడం, ఎండోస్కోపీ గొట్టం వేసి ఆ నరానికి బ్యాండ్ కట్టడం. గంటల్లో చేయకపోతే మనిషి దక్కడు. అప్పుడు మీరు చెప్పిన సగం డబ్బు ఎవరు కడతారు? వాడు కట్టడు, స్పృహలో కూడా ఉండడు. ఆ తడిసిన కొంగుతోనే భార్య పుస్తెలు తాకట్టు పెట్టడానికి పరుగెత్తుతుంది. తాగింది వాడు, బిల్లు కట్టేది ఆమె, స్కూలు ఫీజు పోయేది పిల్లలది. ఏళ్ల తరబడి తన్నులు తిన్న మనిషి చేతే ఆఖరికి జరిమానా కట్టిస్తామా?

ఇంకొకటి, బయటివాళ్లకి తెలియనిది. కేస్ షీట్ రాసేటప్పుడు మేము అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి 'తాగుతావా, ఎంత, చివరిసారి ఎప్పుడు' అని. ఇది నీతిపాఠం చెప్పడానికి అడిగేది కాదు. రోజూ గట్టిగా తాగే మనిషి కాలు విరిగి వార్డులో చేరాడనుకోండి, మందు ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, రెండో రోజుకి ఫిట్స్ రావచ్చు, రెండో మూడో రోజుల మధ్య మతి తప్పి, గోడ మీద లేని పురుగులు చూస్తూ, సెలైన్ గొట్టం పీకేసుకుని, మంచం దిగి పరుగెత్తబోతాడు. దీంట్లో మనుషులు చనిపోతారు. ముందే తెలిస్తే తేలిగ్గా ఆపొచ్చు, వణుకు, ఫిట్స్ రాకుండా ఆపే మాత్రలు ఒక పద్ధతిలో, గ్లూకోజ్ కంటే ముందు విటమిన్ బీ1 ఇంజక్షన్. ఖర్చు చాలా తక్కువ. కానీ అది మొదలవ్వాలంటే వాడు నిజం చెప్పాలి. నిజం చెప్తే బిల్లు వేస్తారని తెలిశాక ఎవరు చెప్తారు? 'తాగను సారూ, దేవుడి మీద ఒట్టు' అంటాడు, భార్య కూడా అదే అంటుంది. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టర్‌కి కూడా అదే అబద్ధం చెప్తారు, ఆపరేషన్ టేబుల్ మీద ఏదో అవుతుంది. రోగి డాక్టర్‌కి నిజం చెప్పడానికి భయపడే ఆస్పత్రిలో ఎంత చదువుకున్నవాడైనా సరైన వైద్యం చేయలేడు.

లివర్ పాడైందంటే తాగుడే అని కూడా తీర్మానించలేం. హెపటైటిస్ బీ, సీ వైరస్‌లు అదే పని చేస్తాయి, చుక్క ముట్టనివాళ్లకి కొవ్వు పేరుకుని అదే స్థితి వస్తుంది. మీతో పాటు పనిచేసేవాళ్లలో ఎంతమందికి స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చిందో అడిగి చూడండి. పదేసి గంటలు కుర్చీలో కూర్చుని, రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తింటే వచ్చే షుగర్ కూడా అలవాటు జబ్బే మరి. ఆ గీత ఎక్కడ గీసినా ఏదో ఒకరోజు మన ఇంటి మీదుగానే పోతుంది.

ప్రశ్న: మా ఆయన ఆటో నడుపుతారు. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. బస్తీ దవాఖానాలో గోళీలు తెచ్చుకుంటాం. నెలనెలా 'అన్నం తగ్గించవా, మాట వినవా, కాలు తీసేస్తారు' అని అందరి ముందు తిడతారు. ఇప్పుడు షుగర్ వాళ్లకు డబ్బులు తీసుకుంటారని మా గల్లీలో అంటున్నారు. ఆయన ఇక దవాఖానాకి రానంటున్నారు. నిజమేనా సార్? — ఒక సోదరి, బోరబండ

జవాబు: అమ్మా, అలాంటి రూలేమీ లేదు. బస్తీ దవాఖానాలో షుగర్, బీపీ గోళీలు ఉచితం, అక్కడ తీసుకున్న రక్తపరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కి వెళ్తాయి, వాటికీ డబ్బు లేదు. ఎవరైనా అడిగితే రసీదు ఇవ్వమనండి. మీ ఆయనతో నా మాటగా చెప్పండి, దవాఖానా మానొద్దని. గోళీలు మానేస్తే ఆయనకి వెంటనే ఏమీ తెలియదు, అదే ఈ జబ్బుతో ప్రమాదం. షుగర్ నొప్పి పెట్టదు. లోపల కళ్లనీ, కిడ్నీలనీ, కాళ్ల నరాలనీ తింటూ ఉంటుంది.

తిట్టడం గురించి మీకు క్షమాపణ చెప్పాల్సింది మా వృత్తివాళ్లే. అన్నం తగ్గించమని చెప్పడం తేలిక. తగ్గించి ఏం తినాలో చెప్పాలి కదా? 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, ఆకలి తీరుస్తున్నందుకు మంచిదే, కానీ కందిపప్పు, గుడ్లు, కూరగాయలు కొనుక్కోవాల్సిందే. బియ్యం ఊరికే వచ్చి పప్పు రేటు మండిపోతుంటే పేద ఇంట్లో కంచంలో అన్నమే ఎక్కువుంటుంది. అది ఆయన ఎంచుకున్న జీవనశైలి అని ఎలా అంటాం? పైగా ఆటో డ్రైవర్ పొద్దున ఛాయ్, ఉస్మానియా బిస్కెట్‌తో బయల్దేరి, గిరాకీ వదలలేక రెండింటికో మూడింటికో దొరికింది తిని, మూత్రానికి వెళ్లే చోటు లేక నీళ్లు తాగడం మానేసి, రాత్రి పదింటికి ఇంటికొచ్చి ఒకేసారి కడుపునిండా తింటాడు. ఇది నేను వందల మంది నోట విన్న కథ.

ఈ జబ్బు వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయమ్మా. మన హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987–90 మధ్య గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు పోషకాహారం ఇచ్చి చూశారు, పక్క ఊళ్లలో ఇవ్వలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్లలని వెతికి పరీక్షిస్తే, పోషకాహారం అందిన ఊళ్ల పిల్లలు కొంచెం పొడుగ్గా ఉన్నారు, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు, పాలు తాగేటప్పుడు దొరకని తిండి ప్రభావం ముందు ముందు షుగర్ దాకా పోతుందన్నమాట. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని చెప్పింది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. ఇంతమందీ మాట వినని మొండివాళ్లే అయ్యుంటారా?

ఇక మీరు చేయగలిగింది చెప్తాను. కంచంలో సగం కూర, ఆకుకూర, పప్పు ఉండేలా చూడండి, అన్నం ముందు అవి తినమనండి. మధ్యాహ్నానికి డబ్బా కట్టివ్వండి, రెండు జొన్న రొట్టెలైనా సరే, తినే టైం తప్పకుండా ఉండటం ముఖ్యం. ఛాయ్ మానమంటే మానలేరు, చక్కెర మానమనండి. రోజూ రాత్రి ఆయన అరికాళ్లు మీరు చూడండి, వేళ్ల సందుల్లో కూడా. పుండు, పొక్కు, నలుపు కనిపిస్తే మర్నాడే దవాఖానాకి. ఆటో ఇంజిన్ వేడి దగ్గర కాలు పెట్టుకుని కూర్చుంటారు, నరాలు మొద్దుబారితే కాలినా తెలియదు, నేను చూసిన కాలి పుండ్లలో కొన్ని అలా మొదలైనవే. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించండి, ఏడాదికోసారి కంటి వెనక పొర చూపించండి.

ప్రశ్న: సార్, నేను హౌస్ సర్జన్‌ని. శని, ఆదివారాలు రాత్రి క్యాజువాలిటీ అంతా తాగి పడ్డవాళ్లే. ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. నిజంగా గుండెనొప్పితో వచ్చిన ముసలాయన పక్కన స్ట్రెచర్ మీద ఎదురుచూస్తున్నాడు. వీళ్లకి డబ్బు వేస్తే తప్పేంటి అని మొదటిసారి అనిపించింది. — పేరు వద్దు

జవాబు: అలా అనిపించినందుకు నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు నాన్నా. ముప్పై గంటల డ్యూటీ తర్వాత ఎవరికైనా అనిపిస్తుంది. కాలర్ పట్టుకున్నవాడి మీద కేసు పెట్టాల్సిందే, డాక్టర్ల మీద దాడికి చట్టం ఉంది, మీ సూపరింటెండెంట్ వెనకాడితే జూనియర్ డాక్టర్ల సంఘం ద్వారా పెట్టించు. తాగి బండి నడిపితే దానికీ శిక్ష వేరే ఉంది. రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అది కోర్టు పని. శిక్ష వేయడం కోర్టుకి వదిలేసి కుట్లు వేయడం మన పనిగా పెట్టుకుంటేనే రెండూ సక్రమంగా జరుగుతాయి.

ఆ ముసలాయన ఎందుకు ఎదురుచూశాడో మాత్రం సరిగ్గా చూడు. తాగుబోతు డబ్బు కట్టలేదని కాదు. ఇద్దరు డాక్టర్లుండాల్సిన చోట నువ్వొక్కడివే ఉన్నావు, ఈసీజీ తీసే మనిషి లేడు, స్ట్రెచర్ తోసేవాడు లేడు. 2017 జాతీయ ఆరోగ్య విధానంలో 2025 నాటికి ప్రభుత్వాలు జీడీపీలో రెండున్నర శాతం ఆరోగ్యానికి పెట్టాలని రాసుకున్నారు. 2021–22 లెక్క చూస్తే 1.84 శాతం దగ్గర ఉన్నాం, అది కూడా కరోనా ఏళ్ల ఖర్చు కలుపుకుని. నీ అలసట అక్కడి నుంచి వస్తోంది. నీ కోపం కూడా అటే వెళ్లాలి.

ప్రశ్న: విదేశాల్లో ఇలాంటి వసూళ్లు ఉన్నాయని వాట్సాప్‌లో చదివాను. జపాన్‌లో లావుగా ఉంటే ఫైన్ వేస్తారట. మనం ఎందుకు చేయకూడదు? — రిటైర్డ్ టీచర్, వనస్థలిపురం

జవాబు: మాస్టారూ, జపాన్ కథ సగమే నిజం. 2008 నుంచి అక్కడ 40–74 ఏళ్ల వాళ్లకి ఏటా నడుము కొలుస్తారు, మగవాళ్లకి 85, ఆడవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటి, దాంతోపాటు బీపీ, షుగర్ లాంటివి తేడాగా ఉంటే కూర్చోబెట్టి సలహాలిస్తారు. మనిషికి ఫైన్ లేదు. పరీక్షలు, సలహాలు సరిగ్గా అందించని బీమా సంస్థ మీద ఆర్థిక భారం పడుతుంది. అంటే ఒత్తిడి వ్యవస్థ మీద పెట్టారు. జర్మనీలో పచ్చబొట్టు, పియర్సింగ్ (ఒంటికి రింగులు కుట్టించుకోవడం), అందం కోసం చేయించుకున్న ఆపరేషన్లు వికటిస్తే కొంత ఖర్చు రోగి మీద వేసే చట్టం ఉంది. అదే జర్మనీలో సిగరెట్ తాగేవాడి గుండె జబ్బుకి అలా వేయరు. ఎందుకు వేయరు? పచ్చబొట్టుకీ పుండుకీ సంబంధం కళ్ల ముందు కనిపిస్తుంది, ముప్పై ఏళ్ల జీవితానికీ గుండెపోటుకీ మధ్య ఏది ఎంత కారణమో ఏ గుమాస్తా కూడా విడదీయలేడు.

రోగి దగ్గర డబ్బు తీసుకుంటే ఏమవుతుందో ప్రపంచం ఇదివరకే చూసింది. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1970ల్లో వేల మంది మీద ఒక ప్రయోగం చేసింది, కొందరికి పూర్తిగా ఉచితం, కొందరికి కొంత వాటా కట్టాలి. వాటా కట్టాల్సినవాళ్లు ఆస్పత్రికి వెళ్లడం తగ్గించారు, కానీ అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ అంతే తగ్గించుకున్నారు. ఏది అవసరమో రోగికి ఎలా తెలుస్తుంది పాపం? బీపీ ఉన్న పేదవాళ్ల పరిస్థితి మాత్రం ఉచితంగా వైద్యం అందినప్పుడే మెరుగుపడింది. ఉగాండా 2001లో ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఫీజులు ఎత్తేస్తే జనం, ముఖ్యంగా పేదలు, ఎక్కువగా రావడం మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్లకి జబ్బులు లేక కాదు, చేతిలో డబ్బు లేక రాలేదు.

మనదగ్గర ఉచితం అన్నా పూర్తిగా ఉచితం కాదని మీకు తెలుసు. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల బయట పొద్దున్నే చూడండి, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చాపలు పరుచుకుని పడుకునుంటారు. మంచం మీద ఒకరుంటే తోడుగా ఇద్దరు కూలి మానుకుని వస్తారు. ఐదు రూపాయల భోజనం దగ్గర లైన్‌లో నిలబడేది వాళ్లే. వాళ్లు ఇప్పటికే కడుతున్నారు, రసీదు లేకుండా.

ప్రశ్న: మీరు ఎప్పుడూ అమ్మేవాళ్ల మీద పన్ను వేయాలంటారు. కూల్‌డ్రింకు, బీడీ, మందు రేటు పెరిగితే నలిగేది పేదవాడే కదా? — డిగ్రీ విద్యార్థిని, మలక్‌పేట

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. అవును, పన్ను భారం పేదవాళ్ల జేబుకి ఎక్కువ బరువు. కానీ రేటు పెరిగితే ఎక్కువగా తగ్గించేదీ వాళ్లే, కుర్రాళ్లే, కాబట్టి ఆరోగ్యంలో ఎక్కువ లాభం కూడా వాళ్లకే. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటర్‌కి ఒక పెసో పన్ను వేసింది, కొనుగోళ్లు తగ్గాయి, పేద కుటుంబాల్లో ఎక్కువ తగ్గాయి. బ్రిటన్ 2018లో ఇంకో రకంగా చేసింది, చక్కెర ఎంత ఎక్కువైతే పన్ను అంత ఎక్కువ. కంపెనీలే పన్ను తప్పించుకోవడానికి చక్కెర తగ్గించేశాయి, తాగేవాడికి రేటు పెద్దగా పెరగలేదు. నాకు ఇది చాలా నచ్చిన పద్ధతి. మనదగ్గర 2025 సెప్టెంబర్ జీఎస్‌టీ మార్పుల్లో కూల్‌డ్రింకులు 40 శాతంలో ఉన్నాయి, కానీ చక్కెర తక్కువున్నదానికీ ఎక్కువున్నదానికీ ఒకటే రేటు, కంపెనీకి తగ్గించాలన్న ఆలోచన ఎందుకు వస్తుంది? అదే మార్పుల్లో బీడీల మీద జీఎస్‌టీని 28 నుంచి 18 శాతానికి దించాలని నిర్ణయించారు. బీడీ చుట్టే ఆడవాళ్ల బతుకుతెరువు కోసమని చెప్పారు. వాళ్ల బతుకు ముఖ్యమే, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఎన్ని ఇళ్లు దాని మీద నడుస్తున్నాయో నాకు తెలుసు. కానీ ఆ ఇళ్లని ఆదుకోవాల్సింది వేరే పని చూపించి, పింఛను ఇచ్చి. బీడీ చవగ్గా ఉంచితే రేపు ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలో దగ్గుతూ కూర్చునేది వాళ్ల మగవాళ్లే.

పన్ను ఒక్కటే చాలదు. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో అడగాలి. మందు మీద వచ్చే వేల కోట్లలో కొంత భాగం ప్రతి జిల్లా ఆస్పత్రిలో తాగుడు మాన్పించే వార్డుకీ, బస్తీ దవాఖానాలో ఒక పోషకాహార సలహాదారుకీ కచ్చితంగా పోవాలని చట్టంలో రాయాలి. బెల్టు షాపులు మూయించాలి. స్కూలుకి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 నుంచి చట్టం ఉంది. మీ కాలేజీకి వెళ్లేదారిలో స్కూలు గేటు పక్కన పాన్ డబ్బా ఉంటే ఫొటో తీసి జీహెచ్‌ఎంసీకి ఫిర్యాదు పెట్టండి, మీ స్నేహితుల చేత కూడా పెట్టించండి. ఒకరు పెడితే పక్కన పడేస్తారు.

ప్రశ్న: మా నాన్న రోజూ తాగుతారు. ఈ మధ్య పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయి, ఒక క్వార్టర్ పడితే ఆగుతుంది. మానతానని ఆయనే అంటున్నారు. ప్రైవేటులో అడిగితే నెలకి నలభై వేలు అన్నారు. సర్కారులో చూస్తారా? — ఒక కొడుకు, మౌలాలి

జవాబు: చూస్తారు, ఉచితంగానే. ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయంలో తాగుడు మాన్పించే విభాగం ఉంది. ఆయన మానతానని అన్నారు కదా, ఆ మాట చల్లారకముందే ఈ వారంలోనే తీసుకెళ్లండి.

అప్పటిదాకా ఒక జాగ్రత్త. సీసాలు పారబోసి, గదిలో పెట్టి గడియ వేసి, ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయకండి. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయంటే ఒళ్లు మందుకి పూర్తిగా అలవాటుపడిపోయింది, డాక్టర్ లేకుండా ఆపితే ఫిట్స్ రావచ్చు. ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, రక్తపు వాంతి అయ్యిందా, నల్లటి విరేచనం అయ్యిందా, కళ్లు పచ్చబడ్డాయా అని గుర్తుచేసుకుని ఓపీలో ముందే చెప్పండి. ఒకవేళ ఇప్పుడు రక్తం కక్కినా, మతి తప్పి మాట్లాడినా ఎర్రగడ్డ దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాస్పత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. ఆధార్, రేషన్ కార్డు, పాత మందుల చీటీలు, స్కానింగ్ రిపోర్టులు ఒక కవర్లో పెట్టుకోండి. ఆయన రోజుకి ఎంత తాగుతారో నిజం చెప్పండి, తగ్గించి చెప్పొద్దు, మందుల మోతాదు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

వెళ్లేముందు మాట్లాడాలంటే 14446 మత్తు అలవాట్ల హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్. 14416లో తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. మీ అమ్మగారికి నిద్ర పట్టకపోతే, టెన్షన్‌గా ఉంటే ఆవిడ కూడా అదే నంబర్‌కి చేయొచ్చు.